హృదయ ద్వారము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల మెన్నొనైట్ బ్రదరన్ సంఘములలో ఒక నియమము కలదు. పసిబిడ్డకు బాప్తిస్మ మీయరు. బిడ్డ పెరిగి, తెలివి వచ్చి, తన విశ్వాసమును తన నోటితో ఒప్పుకొనిన పిమ్మటనే నీట ముంచి బాప్తిస్మ మిత్తురు. తల్లిదండ్రుల భక్తి ఎంతటిదైనను, పొలమువలె బిడ్డకు సంక్రమించునది కాదని వారి నమ్మకము. దీని నొకింత విచారింతము.

1525లో జూరిచ్ నగరమున పుట్టిన సంస్కరణ శాఖ ఈ సంఘమునకు మూలము. పెద్దలకు మరల బాప్తిస్మ మిచ్చుట నేరమని, 1527లో ఫెలిక్స్ మాంజ్ అను నాతనిని ఆ నగర పాలకులు నదిలో ముంచి చంపిరి. ఆ సంప్రదాయమునకు చెందిన అమెరికా మిషనరీలు 1899లో హైదరాబాదు సంస్థానమున పని ప్రారంభించిరి. 1906లో నాగర్‌కర్నూలులోను, తరువాత వనపర్తిలోను కేంద్రములు నెలకొల్పిరి; 1937లో గద్వాల కేంద్రమును బాప్టిస్టు మిషను నుండి స్వీకరించిరి.

మనుష్యుని హృదయమును బలవంతమున తెరువరాదు, దేవుడే తెరచును. దీనికి క్రైస్తవులు చూపు నిదర్శనము అపొస్తలుల కార్యములు పదునారవ అధ్యాయమున నున్నది. ఫిలిప్పీ పట్టణము వెలుపల, నదియొడ్డున కూడిన స్త్రీలతో పౌలు ప్రసంగించెను. వారిలో లూదియ యనునామె ఊదారంగు సరకు అమ్ము వర్తకురాలు. శ్రోతలలో గద్వాల నేత ఎరిగినవారికి ఆమె వృత్తి పరాయిది కాదు. మాట పౌలుది, విన్నది లూదియ, నడుమ తలుపు తీసినవాడు దేవుడని గ్రంథకర్త లూకా చెప్పుచున్నాడు.

గ్రీకు మూలమున ఇచట వాడిన క్రియనే లూకా తన సువార్త చివరి అధ్యాయమున మూడు మారులు వాడెను: శిష్యుల కన్నులు తెరువబడుటకు, లేఖనముల అర్థము విప్పబడుటకు, వారి మనస్సు తెరువబడుటకు. కావున ఇది వట్టి ఉద్రేకము కాదు, ఎరుక కలుగుట. బైబిలు భాషలో హృదయమనగా భావములకే గాక ఆలోచనకును సంకల్పమునకును స్థానము.

అట్లయిన మనుష్యుని పాత్ర యేమి? ఐదవ శతాబ్దమున అగస్టీను కాలము నుండి ఈ వాదము జరుగుచునే యున్నది. పాలమూరు రైతును చూతము. తొలకరి అతని చేతిలోనిది కాదు. అయినను వాన కురిసి నేల మెత్తబడినప్పుడు గొర్రు తోలనివాని చేను పండదు. కృప వాన వంటిది. సమ్మతి విత్తుట వంటిది. మెన్నొనైటులు ఆ సమ్మతిని గట్టిగా పట్టుకొనిరి.

హృదయము తెరువబడినదని ఇతరులకు తెలియుట ఎట్లు? లూదియ బాప్తిస్మము పొందినంతనే పరదేశులను బతిమాలి తన ఇంటికి తోడ్కొనిపోయినది. అదే అధ్యాయమున భూకంపమునకు చెరసాల తలుపులు తెరచుకొనెను. కాని చెరసాల అధికారి మనస్సు తెరచుకొనెననుటకు గుర్తు భూకంపము కాదు. అతడు ఖైదీల గాయములు కడిగి, తన ఇంట భోజనము పెట్టుట.

ఇచటనే మన ప్రాంతమునకు పరీక్ష కలదు. ఈ సంఘములలో తొలుత చేరినవారిలో అధికులు, ఊరి వెలుపల నుంచబడిన మాల, మాదిగ కుటుంబములవారు. ప్రభువు బల్ల యొద్ద అందరును ఒకే రొట్టెలో పాలుపొందుదురు. ఆ బల్ల నుండి లేచిన పిమ్మట విందులోను వియ్యములోను కులము చూచినచో, తెరువబడిన దేమి? హృదయము దేవునికే కనబడును. ఇంటి గడప మాత్రము ఇరుగుపొరుగు వారందరికిని కనబడును.