అరక్కోణం లైన్‌లో ర్యాప్

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి నుంచి మద్రాసు వెళ్లే తెలుగువాళ్లకి అరక్కోణం అంటే బండి కాసేపు ఆగే జంక్షన్, అంతే. అక్కణ్నుంచి సెంట్రల్‌కి ఇంకా 69 కిలోమీటర్లు. తిరువళ్లూరు దాటి, ఆవడి దాటి, ఇక సామాన్లు దించుకోవచ్చు అనుకునే వేళకి కిటికీలో రేకుల షెడ్లు, గోడౌన్లు వరసకడతాయి. అదే అంబత్తూరు. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు, లోకల్ ఆగుతుంది.

తమిళ ర్యాప్ సంగతి తెలుసుకోవాలంటే ఆ లోకలే ఎక్కాలి. దేశమంతా మారుమోగిన ‘ఎంజాయ్ ఎంజామి’ రాసి, పాడిన అరివుది అరక్కోణం. అతన్ని వేదిక మీదికి తెచ్చిన దర్శకుడు పా. రంజిత్‌ది ఆవడి దగ్గరి కర్లపాక్కం. 1856లో దక్షిణ భారతంలో మొట్టమొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి ఈ దారినే నడిచింది. ఆ పట్టాల పక్కనే తర్వాత ఫ్యాక్టరీలు లేచాయి. హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్లు తయారుచేసిన టీఐ సైకిల్స్ అంబత్తూరుదే. 1960ల్లో ఇండస్ట్రియల్ ఎస్టేట్ వచ్చింది. లేత్ మెషీన్లు, ఆటో విడిభాగాలు, బట్టలు కుట్టే యూనిట్లు, ఈమధ్య ఐటీ పార్కులు కూడా. 2011లో ఊరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మైలాపూరు సభల్లో కచేరీ వినే చెన్నై ఒకటి, షిఫ్ట్ సైరన్ వినే చెన్నై ఇంకొకటి. ర్యాప్ పట్టుకుంది రెండోదాన్నే.

అసలు ఈ లైన్‌లో పాట కొత్తేమీ కాదు. పచ్చయ్యప్పాస్, ప్రెసిడెన్సీ కాలేజీల కుర్రాళ్లు లోకల్ బోగీ గోడల్ని, సిటీ బస్సు రేకుల్ని డప్పులా వాయిస్తూ గానా పాడటం దశాబ్దాల అలవాటు. ప్రతి రూటుకీ ఒక నాయకుడు, ‘రూట్ తల’. రెండు కాలేజీల రూట్ తలలు ఒకే ప్లాట్‌ఫారం మీద తారసపడితే పాట ఆగి గొడవ మొదలయ్యేది, పోలీసులు వచ్చేవాళ్లు. ఆ గానా పుట్టింది ఉత్తర చెన్నై దళిత వాడల్లో, ఎక్కువగా చావు ఇళ్లలో. రాత్రంతా శవం దగ్గర కూర్చుని పోయినవాడి మంచీ చెడూ అక్కడికక్కడ కట్టి పాడాలి. పక్కవాడు అందిస్తే అందుకోవాలి, తడబడితే జనం నవ్వుతారు. అమెరికాలోని బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజు అంటారు. ఆ సంగతి తెలియకుండానే ఇక్కడ ఫ్రీస్టైల్ నడుస్తోందన్నమాట.

గానా, ర్యాప్ చుట్టాలేనన్న మాట సినిమాకి కాస్త ముందే అర్థమైంది. 1994లో ‘ప్రేమికుడు’ డబ్బింగై వచ్చినప్పుడు ‘పేట ర్యాప్’కి మన దగ్గర కూడా కుర్రాళ్లు ఊగిపోయారు. దాన్ని ర్యాప్ అని ఎవరూ పెద్దగా అనుకోలేదు, ప్రభుదేవా డాన్సు అనుకున్నారు. 2006లో మలేషియా తమిళుడు యోగి బి ‘వల్లవన్’ ఆల్బమ్‌తో అసలు ర్యాప్‌ని తమిళంలో నిలబెట్టాడు. 2012లో హిప్‌హాప్ తమిళా జంట, ఆది, జీవా, ఇంటర్నెట్‌నే వేదికగా చేసుకుని పైకొచ్చారు. ఆ ఏడాదే రంజిత్ మొదటి సినిమా ‘అట్టకత్తి’ వచ్చింది. అందులో వకీలు వృత్తిలో ఉన్న గానా బాల పాడిన పాటలు ఊరి చివరి గొంతుని సిటీ థియేటర్లకి తీసుకొచ్చాయి.

కానీ మలుపు అనదగ్గది 2018 జనవరి 6. ఆ సాయంత్రం కీల్పాక్‌లో ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ మొదటి కచేరీ. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా కలిసి గానా పాడేవాళ్లని, రాక్ వాయించేవాళ్లని, ర్యాపర్లని, మొత్తం 19 మందిని ఒకచోట చేర్చారు. చావు ఇంట్లో పాడే పాటని అంబేడ్కర్‌లా సూటు తొడుక్కుని పాడారు. గానా మగవాళ్ల సొత్తు అనుకునే చోట ఇసైవాణి మైకు పట్టుకుంది. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆమె పేరు ఎక్కింది. ఆ గుంపులోనే అరివు.

అరివు తల్లిదండ్రులు టీచర్లు. తమిళనాడు అక్షరాస్యత ఉద్యమం ‘అరివొళి’లో తిరిగినవాళ్లు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రాల పాటలు, పాఠాలు చివరికి సారా వ్యతిరేక ఉద్యమమై ఎలా లేచాయో గుర్తున్నవాళ్లకి ఆ ఇంటి వాతావరణం ఊహించడం కష్టం కాదు. కంజిర వాయిస్తూ వాడవాడలా తిరిగి పాటతో అక్షరం నేర్పిన తరం పిల్లవాడు ర్యాపర్ అయ్యాడు. 2019లో సంగీతకారుడు ఆఫ్రోతో కలిసి ‘తెరుకురల్’ ఆల్బమ్ విడుదల చేశాడు. వెనక సినిమా లేదు, హీరో లేడు. కులం, పౌరసత్వం, పోలీసు కాల్పులు అందులో విషయాలు. ఇలాంటి సరుకుని ఏ ఆడియో కంపెనీ ముందుగా డబ్బిచ్చి కొంటుంది? ఇండిపెండెంట్ అన్న మాటకి ఇక్కడ స్వేచ్ఛ ఎంత అర్థమో, కొనేవాడు లేకపోవడమూ అంతే అర్థం.

ర్యాప్ పాట తయారయ్యే పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ఒక వర్స్ అంటే మామూలుగా 16 బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు. బీట్ నిమిషానికి 90 దెబ్బల మీద నడిస్తే మొత్తం 43 సెకన్లు. ఆ 43 సెకన్లలో ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో ముందే అనుకోకపోతే పదో బార్ దాటేసరికి గొంతు తేలిపోతుంది. అందుకే ఫోన్‌లో రాసుకున్న లిరిక్‌లో చాలామంది ఆగాల్సిన చోట ఒక గీత పెట్టుకుంటారు. రికార్డింగ్ స్టూడియో అంటే పడగ్గదే. ఒక కండెన్సర్ మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఎఫ్ఎల్ స్టూడియో ఉన్న లాప్‌టాప్. గొంతు గోడకి తగిలి మోగకుండా బట్టల బీరువా తలుపులు తెరిచి దానివైపు తిరిగి పాడతారు, లేదంటే దుప్పటి వేలాడదీస్తారు. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే మైకు ముందు దాన్నే పట్టుకుంటుంది. మే నెల చెన్నైలో ఫ్యాన్ లేకుండా పది టేకులు! అదయ్యాక అదే వర్స్ ఇంకోసారి పాడి కింద పరవాలి, దాన్ని డబుల్స్ అంటారు. ఆపైన సందుల్లో వేసే అరుపులు, అదిలింపులు, అవి ఆడ్‌లిబ్స్.

భాష సంగతి మరీ ముచ్చట. ఇంగ్లిష్ ర్యాప్ పాదం చివర అంత్యప్రాస మీద నిలబడుతుంది. తమిళ ఛందస్సులో రెండో అక్షరం కలవడం ఎదుగై, మొదటి అక్షరం కలవడం మోనై. మన ప్రాస, యతి లాంటివే. అంటే తమిళ ర్యాపర్ చేతిలో పాదం మొదట్లో ఒక దెబ్బ, చివర ఒక దెబ్బ, రెండూ ఉన్నాయి. గానా వాళ్లు దీన్ని బళ్లో నేర్చుకోకుండానే వాడతారు. తెలుగు ర్యాపర్లకీ ఈ ఆస్తి ఉంది. ఎందుకో ఎక్కువమంది అంత్యప్రాస దగ్గరే ఆగిపోతున్నారు.

పాట పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. బీట్ ఎవరిది? చేతిలో డబ్బు లేనివాడు నెట్‌లో ఎవరో విదేశీ ప్రొడ్యూసర్ బీట్‌ని ఇరవై ముప్ఫై డాలర్లకి లీజుకి తీసుకుంటాడు. లీజు అంటే సొంతం కాదు. అదే బీట్ మీద ఇంకో వందమంది పాడుకోవచ్చు, ఇన్ని స్ట్రీములు దాటితే మళ్లీ కట్టాలన్న షరతు ఉండొచ్చు. పాటని స్పాటిఫైలాంటి చోట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి ఏడాదికింత కట్టాలి, లేదా వాటా వదులుకోవాలి. 2019లో భారత్‌కి వచ్చిన స్పాటిఫై 2024 నుంచి ఇంకో గీత గీసింది: ఏడాదిలో 1,000 స్ట్రీములు దాటని పాటకి పైసా లేదు. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ రావాలి. ఈ లెక్కలకీ అద్దెకీ మధ్య ఉద్యోగం ఉంటుంది. డెలివరీ బండో, ఎస్టేట్‌లో షిఫ్టో, ఐటీ సపోర్టో. ఇండిపెండెంట్ ర్యాపర్ జీవితంలో ర్యాప్ ఉండేది రాత్రి పదకొండు తర్వాతే.

పాట పెద్దదైతే కష్టాలు తీరతాయా అంటే, ఎంజామి కథ వినాలి. 2021 మార్చిలో వచ్చింది. రెహమాన్ అండతో మొదలైన మాజ్జా సంస్థ విడుదల చేసింది. ధీ, అరివు పాడారు, సంతోష్ నారాయణన్ సంగీత నిర్మాత. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన అరివు అవ్వ వళ్లియమ్మాళ్ తరం బతుకు దాని మూలం. యూట్యూబ్‌లో 40 కోట్ల వ్యూస్ దాటింది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, ర్యాపర్ షాన్ విన్సెంట్ డిపాల్ ఉన్నారు, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా అడిగాక, గొడవయ్యాక, అతనితో విడిగా డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద ఆ పాట మోగింది. అక్కడా అరివు లేడు. పాట కట్టింది, రాసింది, పాడింది తానేనని అతను ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. సంగీతం ఎవరెవరు ఎంతెంత చేశారో చెబుతూ సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. ఇద్దరి అభిమానులూ నెలల తరబడి కొట్టుకున్నారు.

రెండేళ్లు తిరక్కముందే, 2024 మార్చిలో, అదే సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమలో ఎవరికీ ఒక్క రూపాయి కూడా రాలేదని వీడియో పెట్టాడు. సంస్థ ఆ ఆరోపణల్ని తోసిపుచ్చింది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చాల్సింది ఒప్పందాలు చదివినవాళ్లు. అండర్‌గ్రౌండ్ కుర్రాళ్లకి మాత్రం ఒక సంగతి తెలిసొచ్చింది. పేరు కోసం తన్నుకున్న ఇద్దరూ డబ్బు దగ్గరికొచ్చేసరికి ఒకే గట్టున ఉన్నారు.

చట్టం మరీ గుడ్డిదేం కాదు. 2012 కాపీరైట్ సవరణ పాట రాసినవాడికీ, స్వరం కట్టినవాడికీ రాయల్టీ హక్కు ఇచ్చింది. వారసులకి, వసూలు చేసే సొసైటీకి తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఆ వసూలు చేస్తుంది. కానీ అందులో సభ్యుడిగా చేరి, ప్రతి పాటా నమోదు చేసి, బీట్ ఎవరిది, మాటలు ఎవరివి, వాటా ఎంతెంత అని ముందే కాగితం మీద పెట్టుకోవాలి. స్నేహితుల మధ్య ఈ కాగితం ఎత్తితే ‘ఏంటి మచ్చా, నా మీద నమ్మకం లేదా?’ అనేస్తారు. మొహమాటమే సగం కొంప ముంచుతుంది.

హైదరాబాద్‌లో దారి కొంచెం వేరు. రోల్ రైడా పతంగుల మీద, గల్లీ ముచ్చట్ల మీద పాడి, 2018లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లి ఇంటింటికీ తెలిశాడు. హిప్‌హాప్ తమిళా ఆది 2016లో ‘ధృవ’కి సంగీతం చేసి తెలుగులోకి వచ్చాడు. చెన్నైలో పాల్ డబ్బా సొంత పాటలతో పేరు తెచ్చుకుని 2024లో ‘బ్రదర్’ సినిమాకి హారిస్ జయరాజ్ దగ్గర ‘మక్కామిషి’ పాడాడు. అరివు కూడా అనిరుధ్‌కి ‘వాతి రైడ్’ రాసినవాడే. సినిమా పిలిస్తే అమ్ముడుపోయాడని తిట్టే అభిమానులు ఉంటారు, ఆ తిట్టేవాళ్లు అద్దె కట్టరు.

కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగమ్మాయి, కూచిపూడి నేర్చిన ర్యాపర్ రాజకుమారి, అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, పెద్ద కంపెనీల్లో పనిచేసి చివరికి గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుంది. ‘ది బ్రిడ్జ్’ ఆల్బమ్ దాన్లోంచే వచ్చింది. అంబత్తూరు పడగ్గదిలో కూర్చున్నవాడికి లేబుల్ పెట్టేంత స్తోమతు ఉండదు. వాడికి అందుబాటులో ఉన్నది ఒక స్ప్లిట్ షీట్: పాట పేరు, నలుగురి పేర్లు, ఎదురుగా శాతాలు, మొత్తం కలిపితే వంద, కింద సంతకాలు. అప్‌లోడ్ బటన్ నొక్కకముందే అది నింపి, ఫొటో తీసి నలుగురికీ వాట్సాప్ చేయాలి.