లావు గొట్టమే ముందెందుకు లేస్తుంది?

జనగామలో ఏ వాడకు వెళ్లినా పెంకుటిల్లు కూలగొట్టి స్లాబు వేస్తున్న చోటు ఒకటైనా కనిపిస్తుంది. వాకిట్లో ట్రాక్టరు, వెనక ట్రాలీ, అందులో మట్టిపెళ్లలు, విరిగిన గూనపెంకులు, గచ్చు ముక్కలు. ఆ దృశ్యం మన కళ్లకు ఎంత అలవాటంటే, ట్రాలీ పైకి లేచి సరుకు కుమ్మరిస్తున్నప్పుడు దాని కిందికి తొంగి చూసేవాళ్లు చాలా తక్కువ. అలా చూసిన ఒక అమ్మాయి, నేను పాస్కల్ నియమం చెప్తుండగా, వెనక బెంచీలోంచి లేచి అడిగింది. "సార్, మా నాయన ట్రాలీ లేపుతుంటే జాకీల లావు గొట్టమే ముందు బయటికొస్తది. సన్నది తేలిక కదా, అది ముందెందుకు రాదు?"

ఆ ప్రశ్న అడిగిన రోజు నుంచి నాకు ఆ జాకీ మీద ప్రేమ పెరుగుతూనే ఉంది. జవాబు ఆ నియమంలోని ఒక్క వాక్యంలోనే ఉంది. కానీ ఆ వాక్యంలోంచి యంత్రం ఎలా పుడుతుందో చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు లెక్క చూద్దాం. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్రాలీ డబ్బాలో 120 ఘనపుటడుగుల సరుకు పడుతుంది. పొడి ఇసుక ఘనపుటడుగుకు దాదాపు 45 కిలోలు తూగుతుంది. నిండా ఇసుక పోస్తే అయిదున్నర టన్నులకు దగ్గర. ఇల్లు కూల్చిన పెళ్లల మధ్య సందులుంటాయి కనుక కొంచెం తగ్గించి అయిదు టన్నులనుకుందాం. డబ్బా గట్లు రెండడుగులే ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. గడ్డికో పత్తికో అయితే గట్టు మీద గట్టు పెంచుకుంటూ పోవచ్చు. కాంక్రీటుకు అలా పెంచితే ఇరుసు వంగుతుంది. అమెరికాలో ఇల్లు బాగుచేసుకునేవాళ్లు అద్దెకు తెచ్చుకునే పెద్ద ఇనుప డబ్బాలు 40 ఘనపు గజాల దాకా, అంటే 1080 ఘనపుటడుగుల దాకా ఉంటాయి. అక్కడ కూడా కాంక్రీటు పెళ్లలకు సాధారణంగా ఇచ్చేది 10 గజాల పొట్టి డబ్బానే. అది మన ట్రాలీలు రెండింటికి కాస్త ఎక్కువ. బరువు ఏ దేశంలోనైనా అదే మాట చెప్తుంది.

ఈ అయిదు టన్నులను ఎత్తాల్సిన జాకీకి ఇచ్చిన చోటు చూడండి. ట్రాలీ అడుగుకూ, కింది చట్రానికీ మధ్య ఉన్న కొద్దిపాటి సందు. ముడుచుకున్నప్పుడు అందులో ఒదగాలి. సాగినప్పుడు డబ్బా ముందు అంచును మనిషి ఎత్తు దాటించి, 45 డిగ్రీల వాలు తేవాలి. ఒకే గొట్టంతో ఈ రెండూ కుదరవు, ఎందుకంటే ఒక్క గొట్టం తన పొడవును మించి సాగలేదు. అందుకే ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే మూడు నాలుగు గొట్టాల జాకీ వచ్చింది.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్న. లెక్క కోసం మూడు గొట్టాలు తీసుకుందాం, వాటి వ్యాసాలు 10, 8, 6 సెంటీమీటర్లు. ఆయిల్ తోసే వైశాల్యాలు సుమారు 78, 50, 28 చదరపు సెంటీమీటర్లవుతాయి. ట్రాక్టరు పంపు ఆయిల్‌ను లోపలికి నెట్టడం మొదలుపెట్టగానే పీడనం సున్నా నుంచి పెరుగుతుంది. ఆయిల్ అన్ని గొట్టాల మీదా ఒకే పీడనంతో నొక్కుతుంది, పాస్కల్ చెప్పిందదే. అయిదు టన్నులు లేపడానికి లావు గొట్టానికి చదరపు సెంటీమీటరుకు 64 కిలోల పీడనం చాలు. మధ్య గొట్టానికి 100 కావాలి. సన్నదానికి 178 దాకా కావాలి. పెరుగుతున్న పీడనం ముందుగా చేరేది 64నే. చేరగానే లావుది కదులుతుంది, తన కడుపులో ఉన్న మిగతా రెండింటినీ మోసుకుంటూ. అది కదులుతున్నంతసేపూ ఆయిల్‌కు చోటు దొరుకుతూ ఉంటుంది కాబట్టి పీడనం అంతకు మించి పెరగదు, మిగతావాటికి వంతు రాదు. లావుది తన హద్దు తాకి ఆగిన క్షణంలో పీడనం మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి 100కు చేరుతుంది. అప్పుడు రెండోది బయలుదేరుతుంది. డ్రైవరు చేసింది లీవరు ఒకసారి లాగడమే. వంతులు నిర్ణయించే మీట గానీ, స్ప్రింగు గానీ లోపల ఏదీ లేదు. గొట్టాల వైశాల్యాలే వంతులు పెడతాయి.

క్లాసులో దీన్ని సిరంజీలతో చూపించాను. ఒక 20 మిల్లీలీటర్ల సిరంజి, ఒక 5 మిల్లీలీటర్ల సిరంజి నిలువుగా కట్టి, రెండింటి మొనలనూ సెలైన్ పైపులతో ఒక టీ జాయింటుకు కలిపి, మూడో కొసన నొక్కే సిరంజి పెట్టాం. లోపల గాలి లేకుండా నీళ్లు నింపాం. రెండు పిస్టన్ల మీదా ఒకే బరువు పుస్తకాలు. నొక్కగానే లావు సిరంజి లేచింది. అది ఆగేదాకా చిన్నది కదల్లేదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నొక్కి చూశారు. ఎవరి చేతిలోనైనా అదే వరుస.

దీని అసలు అందం తర్వాతి సంగతిలో ఉంది. ట్రాలీ నేలబారుగా ఉన్నప్పుడే జాకీకి కష్టం ఎక్కువ. సరుకంతా డబ్బాలోనే ఉంది, బరువు కేంద్రం వెనక కీలుకు దూరంగా ఉంది. ఆ సమయంలో బరిలో ఉన్నది అందరికన్నా బలమైన గొట్టం. డబ్బా లేచేకొద్దీ బరువు కేంద్రం కీలు వైపు జరుగుతుంది, వాలు ఒక హద్దు దాటాక సరుకు జారి పడటం మొదలవుతుంది, మోయాల్సింది తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే సన్న గొట్టాల వంతు వస్తుంది. వాటికి బలం తక్కువ, వేగం ఎక్కువ. పంపు నిమిషానికి 20 లీటర్లు పంపిస్తుందనుకుంటే లావు గొట్టం సెకనుకు 4 సెంటీమీటర్లు లేస్తుంది, సన్నది దాదాపు 12. అంటే ఈ జాకీ బండి గేర్ల లాగా తన గేరు తానే మార్చుకుంటుంది, బరువైన చోట నెమ్మదిగా, తేలికైన చోట చురుగ్గా. దించేటప్పుడు పంపుతో పనే లేదు. వాల్వు తెరిస్తే డబ్బా సొంత బరువే ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. నిలబడటానికి ఎక్కువ పీడనం కావాల్సింది సన్నదానికే కనుక పీడనం పడిపోగానే ముందుగా ముడుచుకునేది అదే. ఎక్కిన వరుసకు సరిగ్గా తలకిందులు.

సరుకు జారకపోతే ఏమవుతుందో వానాకాలంలో తడి రేగడి నింపిన ట్రాలీలో చూడొచ్చు. మట్టి డబ్బా అడుగుకు అతుక్కుని కదలదు, బరువు తగ్గదు. సన్న గొట్టానికి 178 దాకా కావాల్సి రావచ్చు. పంపు దారిలోని భద్రతా వాల్వును 150 దగ్గర తెరుచుకునేలా బిగించి ఉంటే ఆయిల్ అక్కడి నుంచే ట్యాంకుకు తిరిగి వెళ్లిపోతుంది, ట్రాలీ సగంలో నిలిచిపోతుంది. అప్పుడు కూలీలు పారలతో గీకడానికి డబ్బా దగ్గరికి వెళ్తారు. ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. లేచి ఉన్న డబ్బా కింద తల పెట్టకూడదు. దాన్ని నిలబెడుతున్నది ఒక రబ్బరు హోసులోని ఆయిల్ మాత్రమే. హోసు పగిలితే టన్నుల బరువు కిందికి రావడానికి సెకన్లు చాలు. గట్టి ఇనుప దన్ను పెట్టాకే ఎవరైనా కిందికి వెళ్లాలి. కరెంటు తీగల కింద, ఒక పక్కకు ఒరిగిన నేల మీద లేపడమూ అంతే ప్రమాదం.

ద్రవాన్ని ఇంత పీడనంతో కారకుండా పట్టి ఉంచడం మొదట్లో ఎవరివల్లా కాలేదు. జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లండు యంత్రకారుడు 1795లో నీటి పీడనంతో నొక్కే ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. పిస్టన్ చుట్టూ సందులోంచి నీళ్లు చిమ్ముతుండేవి. బిగించి కడితే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీళ్లు ఆగవు. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దీనికి దారి చూపాడని చెప్తారు. పీడనం వైపు అంచు తెరిచి ఉన్న తోలు గిన్నెను పిస్టన్ చుట్టూ పెట్టాడు. నీళ్లు ఆ గిన్నెలోకి చేరి అంచును గోడకు అదుముతాయి. పీడనం ఎంత పెరిగితే అంచు అంత గట్టిగా అతుక్కుంటుంది, పీడనం తగ్గితే తానే వదులవుతుంది. కారాలని చూసే నీళ్లనే కాపలా పెట్టిన ఉపాయం ఇది. ఇప్పటి ట్రాలీ జాకీలో తోలు పోయి రబ్బరు జాతి సీళ్లు వచ్చాయి. అంచు ఆకారం మాత్రం అదే. జాకీ మీద ఆయిల్ జిడ్డు కనబడుతోందంటే ఆ అంచు అరిగిందన్నమాట.

ఇక ట్రాక్టరుకు వంగే ట్రాలీ ఎలా అమరిందో చూస్తే, మనకు బాగా తెలిసిన పసుపు రంగు యంత్రం దగ్గరికి వెళ్తాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ ఇంగ్లండులోని ఉటాక్సిటర్ అనే చిన్న ఊళ్లో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని, పాత వెల్డింగ్ సెట్టుతో, యుద్ధంలో మిగిలిన సామానుతో ఒక వంగే ట్రైలరు చేశాడు. సంతలో 45 పౌండ్లకు అమ్మాడు. 1948లో అలాంటి ట్రైలరుకు హైడ్రాలిక్ జాకీ పెట్టాడు. ఐరోపాలో ఆ తరహా ట్రైలరు అదే మొదటిదంటారు. మరో అయిదేళ్లకు ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న యంత్రం చేశాడు. ఆయన పేరులోని మూడు పొడి అక్షరాలే జేసీబీ. 1979 నుంచి అవి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారవుతున్నాయి. మానుకోటలో పాత గోడ కూల్చి ట్రాలీలోకి ఎత్తే జేసీబీకీ, ఆ తరహా ట్రాలీకీ పురుడు పోసింది ఒకే మనిషి అని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎత్తే చేతిలోనూ, వంచే జాకీలోనూ పని చేస్తున్నది బ్రామా ప్రెస్సే.

అమెరికాలో ఇదే పనికి ఇంకో దిక్కు నుంచి వచ్చినవాడు జార్జ్ డెంప్‌స్టర్. పనామా కాలువ తవ్వకంలో పని చేసి, టెనెస్సీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో అన్నదమ్ములతో కలిసి కాంట్రాక్టులు చేశాడు. తర్వాత ఆ ఊరి మేయరు కూడా అయ్యాడు. సరుకు నింపుతున్నంతసేపూ లారీ ఊరికే నిలబడి ఉండటం ఏ కాంట్రాక్టరుకైనా కడుపుమంటే. డబ్బాను లారీ నుంచి విడదీసి, పని జరిగే చోట వదిలేసి, నిండాక లారీ వచ్చి ఎత్తుకెళ్లే ఏర్పాటుకు ఆయన కంపెనీ 1930ల్లో పేటెంటు పొందింది. లారీ వెనక రెండు ఉక్కు చేతులుంటాయి. గొలుసులు తగిలించగానే అవి డబ్బాను ఊయలలా ఎత్తి చట్రం మీద కూర్చోబెడతాయి. కుమ్మరించేటప్పుడు డబ్బా అడుగు అంచును కొక్కెంతో పట్టి ఉంచి చేతుల్ని వెనక్కి తిప్పితే డబ్బా బోర్లా పడుతుంది. మన మున్సిపాలిటీల్లో చెత్త కుండీలు ఎత్తే డంపర్ ప్లేసర్లు ఈ కుదురువే.

భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనుల వైపు వెళ్తే డబ్బా, బండి మళ్లీ ఒకటైపోతాయి. పదుల టన్నుల బండరాయిని ఎక్స్‌కవేటరు నాలుగైదు తొట్లలో నింపేస్తుంది, బండి వేచి ఉండేది కొద్ది నిమిషాలే. డెంప్‌స్టర్ ఉపాయంతో అక్కడ పని లేదు. ఆ డంపర్ల కింద రెండు వైపులా ఉండే జాకీల్లోనూ గొట్టంలో గొట్టమే, లావుదే ముందు.

ఇల్లు కూల్చే చోట మాత్రం కథ వేరు. ఇద్దరు ముగ్గురు కూలీలు తట్టలతో నింపాలంటే పూట పడుతుంది. ట్రాక్టరు అంతసేపూ ఆగలేదు కాబట్టి, మనవాళ్లు కూల్చిందంతా ముందు రోడ్డు మీద పోస్తారు, తర్వాత ట్రాలీ పిలిచి మళ్లీ ఎత్తుతారు. ఒకే మట్టికి రెండుసార్లు కూలి. మధ్యలో వాన పడితే అదంతా మోరీలోకి పోతుంది. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉన్నది ఒక్క పిన్ను. అది తీసేస్తే, నాలుగు చక్రాల ట్రాలీ వాకిట్లో తనంతట తాను నిలబడుతుంది. రెండు చక్రాలదైతే ముందు కాలు దించి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. రెండు ట్రాలీలు, ఒక ట్రాక్టరు ఉన్నవాళ్లు ఒకటి నిండుతుండగా ఇంకొకటి తిప్పుకోవచ్చు. ట్రిప్పుకింత అని కాకుండా ట్రాలీకి రోజుకింత అని మాట్లాడుకోవడమే కావాలి.

వెనకటి మట్టి గోడల ఇళ్లకు ఈ బాధ లేదు. కూలిన గోడల పాటిమన్ను పొలానికి ఎరువుగా పోయేది, రైతులే బండ్లు కట్టుకొచ్చి తోలుకునేవాళ్లు. దూలాలు, వాసాలు మరో ఇంటికి పోయేవి. సిమెంటు పెళ్ల పొలానికి పనికిరాదు. కొంత పునాదుల్లో మొరంతో పాటు పూడుతుంది, మిగతాది చెరువు శిఖానికి చేరుతుంది. నిర్మాణ వ్యర్థాల మీద కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి అప్పట్లో రోజుకు 20 టన్నులు లేదా నెలకు 300 టన్నులు దాటే పనుల్లో కాంక్రీటు, మట్టి, ఇటుక-గచ్చు, ఇనుము-కర్ర-ప్లాస్టిక్ వేటికవి విడిగా ఉంచాలన్నాయి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఇలాంటి పెళ్లలను పొడి చేసి ఇసుక, కంకరగా మార్చే ప్లాంట్లున్నాయి. 20 టన్నులంటే మన లెక్కలో నాలుగు ట్రాలీలు. జనగామలో కూల్చేటప్పుడు ఒకే రోజులో అంత తోలే ఇళ్లు తక్కువ కాదు.

కనుక ట్రాలీ మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు మూడు సంగతులు అడగండి. జాకీ ఆయిల్ కారుతోందా, డబ్బాను ఒక పూట వదిలి వెళ్తారా, సరుకు ఎక్కడ కుమ్మరిస్తారు. మూడో ప్రశ్నకు జవాబు చెరువు అయితే ఇంకో ట్రాలీ పిలవండి.