కుక్కలలో లీష్మానియాసిస్: నివారణకు కీలకం ఇసుక ఈగ నియంత్రణే

లీష్మానియాసిస్ ఏకకణ పరాన్నజీవి వలన కలిగే వ్యాధి. మధ్యధరా తీర దేశాలలోను, బ్రెజిల్‌లోను ఈ వ్యాధిని కలిగించే లీష్మానియా ఇన్ఫాంటమ్ అనే జాతికి కుక్క ప్రధాన ఆశ్రయం. కుక్కలో ఈ పరాన్నజీవిని 1908లో ట్యూనిస్ నగరంలో చార్లెస్ నికోల్ బృందం గుర్తించింది. వ్యాధి సోకిన కుక్కను కుట్టిన ఆడ ఇసుక ఈగ ద్వారా ఇది ఇతర కుక్కలకు, మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లలకు సంక్రమిస్తుంది.

వ్యాప్తి: ఇసుక ఈగ పొడవు 2–3 మిల్లీమీటర్లు మాత్రమే. సాధారణ దోమతెర రంధ్రాల గుండా దూరిపోగలదు. సాయంసంధ్య నుండి తెల్లవారే వరకు చురుకుగా ఉంటుంది. దోమవలె నీటిలో కాక, తేమతో కూడిన సేంద్రియ పదార్థంలో, అనగా పశువుల పాకలు, కోళ్ల గూళ్లు, రాలిన ఆకులు, గోడల పగుళ్లలో వృద్ధి చెందుతుంది.

లక్షణాలు: వ్యాధి సోకిన కొన్ని నెలలకు, ఒక్కొక్కసారి ఏళ్లకు లక్షణాలు బయటపడతాయి. కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలుట, చర్మం పొలుసులుగా ఊడుట, గోళ్లు అతిగా పెరుగుట, శోషరస గ్రంథుల వాపు, ముక్కు నుండి రక్తస్రావం, బరువు తగ్గుట వీటిలో ముఖ్యమైనవి. తుదకు మూత్రపిండాలు చెడి కుక్క మరణించవచ్చును. అనేక కుక్కలు ఆరోగ్యంగా కనిపిస్తూనే పరాన్నజీవిని మోస్తుంటాయి.

చికిత్స: మిల్టెఫోసిన్ లేదా మెగ్లుమిన్ యాంటిమోనియేట్‌తో పాటు అల్లోప్యూరినాల్ వాడతారు. లక్షణాలు తగ్గినప్పటికీ పరాన్నజీవి సాధారణంగా పూర్తిగా నశించదు. కనుక పశువైద్యుని పర్యవేక్షణ దీర్ఘకాలం అవసరం.

కుక్కలను చంపుట పరిష్కారమా? బ్రెజిల్‌లో పరీక్షలో ప్రతిరక్షకాలు కనబడిన కుక్కలను దశాబ్దాల పాటు చంపారు. ఆశించిన ఫలితం దక్కలేదు. పరీక్షకు, తొలగింపుకు నడుమ జాప్యం జరిగేది. కొన్ని కుక్కలు పరీక్షకు చిక్కేవి కావు. చంపిన వాటి స్థానంలో యజమానులు తెచ్చుకున్న కూనలకు తిరిగి వ్యాధి సోకేది. ఇందుకు భిన్నంగా, వాయవ్య ఇరాన్ గ్రామాలలో కుక్కలకు డెల్టామెత్రిన్ మెడపట్టీలు కట్టగా పిల్లలలో సంక్రమణ తగ్గినట్లు 2002లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

డెల్టామెత్రిన్ మన రైతులకు పురుగుమందుగా సుపరిచితమే. అయితే పంటలపై చల్లే మందును కుక్కల ఒంటికి ఎట్టి పరిస్థితిలోను పూయరాదు. కుక్కల కొరకే తయారైన పట్టీలను మాత్రమే వాడవలెను.

మన దేశంలో: చార్లెస్ డోనోవన్ 1903లో మద్రాసులో రోగుల ప్లీహంలో గుర్తించిన లీష్మానియా డోనోవనీ వేరొక జాతి. బీహార్, జార్ఖండ్ వంటి రాష్ట్రాలలో కాలా అజార్‌కు కారణమైన ఈ జాతికి మనిషే ప్రధాన ఆశ్రయం. కాబట్టి కాలా అజార్ భయంతో ఇక్కడి వీధికుక్కలను చంపుట నిరర్థకం. వ్యాధి ఉన్న దేశాల నుండి కుక్కలను తెచ్చుకొనువారు మాత్రం ముందుగా రక్తపరీక్ష చేయించవలెను. పాకలలో పెంట నిల్వ ఉంచక, గోడల పగుళ్లు పూడ్చి, రాత్రివేళ కుక్కలను ఇంటిలోపల ఉంచినచో ఇసుక ఈగ బెడద తగ్గుతుంది.