కారు అద్దం మీది జీపీఎస్ పెట్టె ఏమైంది?

ప్రశ్న: 2006లో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాడి కారు అద్దానికి చిన్న జీపీఎస్ పెట్టె అతికించి ఉండేది. మొన్న వెళితే అది లేదు, దారంతా ఫోనే చెబుతోంది. డబ్బు పెట్టి కొన్న పెట్టె చేసే పనిని ఫోను ఉచితంగా ఎలా చేస్తోంది?

అది గార్మిన్‌దో టామ్‌టామ్‌దో అయ్యుంటుంది. దొంగల భయానికి కారు దిగేటప్పుడు దాన్ని ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో దాచేవారు. అయినా అద్దం మీద రబ్బరు కప్పు వదిలిన గుండ్రటి మరక చూసి, లోపల సరుకుందని దొంగ కనిపెట్టేసేవాడు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఉపగ్రహాల సిగ్నల్‌కు అప్పుడూ ఇప్పుడూ మనం పైసా కట్టలేదు. అమెరికా ప్రభుత్వం నడిపే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ‘నేనెక్కడున్నాను, ఇప్పుడు టైమెంత’ అని నిరంతరం చాటింపు వేస్తుంటాయి. పెట్టె అయినా ఫోనైనా చేసేది వినడమే, తిరిగి పైకి పంపేదేమీ లేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి తానెక్కడుందో తేల్చుకుంటుంది. సెకనులో పది లక్షలో వంతు పొరపాటు జరిగితే 300 మీటర్ల తేడా వస్తుంది. మొదట్లో సామాన్యులకు అందే సిగ్నల్‌ను అమెరికా కావాలనే చెడగొట్టి వదిలేది. 2000 మేలో ఆ పని మానేశాకే కారు పెట్టెలకు మంచిరోజులొచ్చాయి.

మరి మీ అబ్బాయి డబ్బు దేనికిచ్చినట్టు? యంత్రానికి కొంత, మ్యాపుకు కొంత. ఏ వీధి వన్‌వే, ఎక్కడ ఎడమకు తిరగనివ్వరు, ఏ నంబరు ఇల్లు ఏ పక్కనుంది అన్నవి ఉపగ్రహం చెప్పదు. మనుషులు కార్లేసుకుని దేశమంతా తిరిగి రాసుకోవాలి. అప్పట్లో ఆ పనిలో నావ్‌టెక్, టెలీ అట్లాస్ పెద్ద పేర్లు. 2008లో నావ్‌టెక్‌ను నోకియా సుమారు 810 కోట్ల డాలర్లకు, టెలీ అట్లాస్‌ను టామ్‌టామ్ సుమారు 290 కోట్ల యూరోలకు కొనేశాయి. మ్యాపు గుప్పిట్లో ఉంటే బజారు గుప్పిట్లో ఉన్నట్టేనన్నది వాళ్ల లెక్క. నా దృష్టిలో ఆ లెక్క సగం కరెక్టే. మ్యాపును అమ్ముకోవాల్సిన అవసరమే లేనివాడొకడు వస్తాడని మాత్రం ఊహించలేదు.

వాడు 2009 అక్టోబరు 28న వచ్చాడు. మలుపు మలుపుకీ గొంతెత్తి దారి చెప్పే నావిగేషన్‌ను ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగా ఇస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందే టామ్‌టామ్ తన ఐఫోన్ యాప్‌ను దాదాపు 100 డాలర్లకు అమ్మకానికి పెట్టింది, పాపం. గూగుల్ ప్రకటించిన ఆ ఒక్కరోజే గార్మిన్ షేరు 16 శాతం దాకా పడింది, టామ్‌టామ్‌ది అంతకన్నా ఎక్కువే. మూడు నెలలు తిరక్కుండా నోకియా కూడా తన నావిగేషన్‌ను ఉచితం చేసేసింది.

గూగుల్‌కు ఏమిటి లాభం? ‘దగ్గర్లో బిర్యానీ హోటల్’ అని మీరు వెతికితే ప్రకటనల రూపంలో డబ్బొస్తుంది. దానికన్నా తమాషా అయినది ఇంకోటుంది. మ్యాపు పెట్టుకున్న ప్రతి ఫోనూ తానెంత వేగంగా కదులుతోందో గూగుల్‌కు చెబుతూ ఉంటుంది. నలుగురి ఫోన్లూ నత్తనడక నడిస్తే ఆ రోడ్డు ఎర్రబడుతుంది. అంటే ట్రాఫిక్ కబురు మీకిచ్చేది కంపెనీ, కంపెనీకిచ్చేది మీరు. 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లు ఒక చిన్న బండిలో వేసుకుని, ఖాళీ రోడ్డు మీద తాపీగా లాక్కెళ్లాడు. మ్యాపులో అక్కడ ట్రాఫిక్ జామ్ కనిపించింది!

ఫోనుకు ఇంకో సుళువుంది. ఉపగ్రహం తన జాడ చెప్పే వేగం సెకనుకు 50 బిట్లే, కాబట్టి పూర్తిగా వినడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. వంతెన కిందో చెట్ల కిందో ఉంటే మళ్లీ మొదటికి. కొత్త ఊళ్లో దిగాక పాత పెట్టె బిక్కమొహం వేసేది అందుకే. ఫోను ఆ సమాచారాన్ని ఇంటర్‌నెట్ నుంచి ముందే తెచ్చుకుంటుంది.

గార్మిన్ మాత్రం మూతపడలేదు. విమానాలకు, పడవలకు, పరుగులు తీసేవాళ్ల చేతి గడియారాలకు జీపీఎస్ అమ్ముతూ బాగానే ఉంది. నల్లమలలో శ్రీశైలం దారిపట్టేటప్పుడు ఫోనుకూ, మ్యాపును లోపలే దాచుకునే ఆ పాత పెట్టె పద్ధతే అక్కరకొస్తుంది. ఇంటి దగ్గరే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుంటే, టవర్ లేనిచోట కూడా ఉపగ్రహాల మాట వింటూ దారి చూపిస్తుంది.

మీ అబ్బాయి పాత పెట్టె ఏ సొరుగులోనో ఉంటే ఛార్జింగ్ పెట్టి చూడమనండి. బ్యాటరీ బతికుంటే ఉపగ్రహాలను ఇప్పటికీ పట్టుకోవచ్చు. మ్యాపు మార్చి ఉండకపోతే మాత్రం, ఆ తర్వాత వేసిన రోడ్డెక్కగానే కారు పొలాల్లో పోతోందని చూపిస్తుంది.