హైదరాబాదులో సీ.ఎన్.జీ. సరఫరా

సీ.ఎన్.జీ. (సంపీడిత సహజ వాయువు) హైదరాబాదు నగరంలో ఆటోలకు, కార్లకు, కొన్ని బస్సులకు ఇంధనముగా వాడబడుతున్నది. నగరంలో దీనిని పంపిణీ చేయు అధికారం భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ అను ఒకే సంస్థకు ఇవ్వబడినది. మూసారాంబాగ్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి తూర్పు ప్రాంతాలలో ఆటో నడిపి జీవించేవారికి ఈ ఇంధనం ధర, లభ్యత రెండూ ముఖ్యమైనవి. అమ్మే సంస్థ ఒక్కటే కావడం, ధర పెరగడం అను రెండు విషయాలకు గల సంబంధం ఈ వ్యాసంలో వివరించబడినది.

ఇంధన స్వభావం

సహజ వాయువులో అధిక భాగం మీథేన్. దీనిని 200 నుండి 250 బార్ల పీడనం వద్ద సిలిండర్లలో నింపుతారు. సహజంగా దీనికి వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై ఘాటైన వాసన గల రసాయనాన్ని కలుపుతారు. ఇది గాలి కంటే తేలిక కనుక బహిరంగ ప్రదేశంలో కారినచో పైకి లేచిపోతుంది. పెట్రోలును లీటర్లలో కొలిచినట్లు గాక దీనిని కిలోగ్రాములలో అమ్ముతారు. వంటగ్యాసుకు దగ్గరిదైన ఆటో ఎల్.పి.జీ. వేరు, సీ.ఎన్.జీ. వేరు. రెండింటి సిలిండర్లు, కిట్లు కూడా వేరు. అందుచేత ఒక ఇంధనానికి అమర్చిన ఆటోను ధర పెరిగిన వెంటనే మరొక దానికి మార్చుకొనుట సులభం కాదు.

గొట్టపు మార్గం పక్కనే ఉన్న ప్రధాన కేంద్రాన్ని మదర్ స్టేషను అంటారు. అక్కడ వాయువును ఒత్తి, సిలిండర్ల వరుసలు అమర్చిన లారీలలో నింపి దూరంగా ఉన్న బంకులకు పంపుతారు. అటువంటి బంకులను డాటర్ స్టేషన్లు అంటారు. లారీ రావడం ఆలస్యమైనా, అందులోని పీడనం తగ్గినా బంకు ముందు ఆటోలు బారులు తీరుతాయి. వరుసలో గడిచే సమయం డ్రైవరుకు ఆదాయం లేని సమయమే.

చరిత్ర

భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ 2003 ఆగస్టు 22న ఏర్పడినది. గెయిల్, హిందుస్తాన్ పెట్రోలియం అను రెండు ప్రభుత్వరంగ సంస్థలు దీనిని కలిసి స్థాపించాయి. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ నగరాలు దీని కార్యక్షేత్రాలు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైనది. అదే సంవత్సరం కాకినాడ తీరం నుండి గుజరాత్‌లోని భరూచ్ వరకు వేసిన తూర్పు-పడమర గొట్టపు మార్గం తెలంగాణ మీదుగా వెళ్ళడంతో హైదరాబాదుకు వాయువు తెచ్చుకొనే వీలు కలిగినది. అయితే ఆ క్షేత్రంలో ఉత్పత్తి 2010 తరువాత బాగా పడిపోయినది. 2014లో కేంద్ర ప్రభుత్వం వాహనాలకు, ఇళ్ళకు ఇచ్చే వాయువుకు కేటాయింపులలో ప్రాధాన్యం కల్పించినది.

ఏకైక సరఫరా హక్కు

పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ బోర్డు 2006 నాటి చట్టం ప్రకారం ఏర్పడినది. ఏ ప్రాంతంలో ఏ సంస్థ వాయువు పంపిణీ చేయాలో ఈ బోర్డు నిర్ణయిస్తుంది. అనుమతి పొందిన సంస్థకు రెండు రకాల హక్కులు లభిస్తాయి.

మొదటిది, గొట్టాలు, బంకుల వ్యవస్థను నిర్మించుటలో 25 సంవత్సరాల ప్రత్యేక హక్కు. రెండవది, ఆ ప్రాంతంలో వాయువును అమ్ముటలో కొన్నేళ్ళపాటు పోటీ లేకుండా రక్షణ. మొదట ఈ రెండవ గడువు 5 సంవత్సరాలు. 2018 నాటి తొమ్మిదవ విడత వేలం నుండి దానిని 8 సంవత్సరాలకు పెంచారు.

ఇట్టి హక్కుకు కారణం ఉన్నది. రోడ్డు తవ్వి గొట్టాలు వేయుటకు పెద్ద పెట్టుబడి కావాలి. ఒకే వీధిలో రెండు సంస్థలు రెండు గొట్టాలు వేయుట వృథా. రక్షణ లేనిచో ఎవరూ పెట్టుబడికి ముందుకు రారు. కాని ఇదే హక్కు వలన కొనేవారికి బేరమాడే శక్తి పోతుంది. బంకు మారినంత మాత్రాన అమ్మే సంస్థ మారదు. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రహదారిపై యాదాద్రి భువనగిరి, నల్గొండ జిల్లాలలోకి వెళ్ళినప్పుడు మాత్రమే వేరొక పంపిణీదారు ప్రాంతం వస్తుంది. అక్కడి అనుమతి మేఘా సంస్థది.

ధరను ఎవరు నిర్ణయిస్తారు? 2015 జూలై 1న సుప్రీంకోర్టు ఇంద్రప్రస్థ గ్యాస్ కేసులో తీర్పు ఇస్తూ, వినియోగదారుకు అమ్మే వాయువు గరిష్ఠ ధరను గాని, ఆ సంస్థల గొట్టపు, సంపీడన రుసుములను గాని నిర్ణయించే అధికారం బోర్డుకు లేదని చెప్పినది. అనగా అమ్మే హక్కును ఇచ్చేది బోర్డు, అమ్మకపు ధరను నిర్ణయించుకొనేది సంస్థ. పంపిణీ గొట్టాలను ఇతర సంస్థలు కూడా రుసుము చెల్లించి వాడుకొనేందుకు 2020లో బోర్డు నియమాలు చేయగా, వాటిని న్యాయస్థానంలో సవాలు చేశారు.

ధరల పెరుగుదల

పాత క్షేత్రాల వాయువుకు కేంద్రం నిర్ణయించే ధర పది లక్షల బ్రిటిష్ ఉష్ణ ప్రమాణాలకు ఈ క్రింది విధంగా మారినది.

2021 ఏప్రిల్: 1.79 డాలర్లు
2021 అక్టోబరు: 2.90 డాలర్లు
2022 ఏప్రిల్: 6.10 డాలర్లు
2022 అక్టోబరు: 8.57 డాలర్లు

అనగా పద్దెనిమిది నెలలలో నాలుగు రెట్ల కంటే ఎక్కువ. అంతర్జాతీయ ధరల ఆధారంగా లెక్కించే పద్ధతి, 2022లో ఉక్రెయిన్ యుద్ధం వలన కలిగిన కొరత దీనికి ముఖ్య కారణాలు. కిరీట్ పారిఖ్ కమిటీ సిఫారసుల తరువాత 2023 ఏప్రిల్‌లో పద్ధతి మార్చారు. ముడిచమురు ధరలో 10 శాతాన్ని ఆధారంగా తీసుకొని, 4 డాలర్లు కనిష్ఠముగా, 6.50 డాలర్లు గరిష్ఠముగా నిర్ణయించారు. 2025 ఏప్రిల్‌లో గరిష్ఠ పరిమితి 6.75 డాలర్లు అయినది.

పరిమితి ఉన్నప్పటికీ బంకు ధర పెరుగుటకు మరొక కారణం ఉన్నది. పాత క్షేత్రాలలో వాయువు ఏటేటా తగ్గుతున్నది. 2024 అక్టోబరు, నవంబరు నెలలలో పంపిణీ సంస్థలకిచ్చే చవక వాయువులో కేంద్రం రెండుమార్లు కోత విధించి, 2025 జనవరిలో కొంత పునరుద్ధరించినది. తగ్గిన మేరకు ఖరీదైన వాయువును, దిగుమతి చేసుకొన్న ద్రవ వాయువును కొనవలసి వస్తుంది. పైగా సహజ వాయువు జీ.ఎస్.టీ. పరిధిలో లేదు, దానిపై ఎక్సైజు సుంకం, రాష్ట్రపు విలువ ఆధారిత పన్ను పడతాయి.

ఆటో డ్రైవర్లపై ప్రభావం

పెరిగిన ఖర్చును పంపిణీ సంస్థ ధరలో కలుపుకొనగలదు. ఆటో డ్రైవరు కలుపుకొనలేడు. మీటరు ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. హైదరాబాదులో 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలుగా నిర్ణయించిన రేటు ఆ తరువాత పదేళ్ళపాటు మారలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే ఆటో కిలో వాయువుకు 30 కిలోమీటర్లు ఇస్తుందనుకొందాం. రోజుకు 4 కిలోలు కావాలి. కిలోకు 10 రూపాయలు పెరిగితే రోజుకు 40 రూపాయలు, 25 పనిదినాలకు 1,000 రూపాయలు అదనపు ఖర్చు. ఆటో సొంతం కానివారికి రోజు కిరాయి దీనికి అదనం. మీటరు వేయకుండా బేరమాడుటకు, అద్దె యాప్‌లపై ఆధారపడుటకు ఇది ఒక కారణం. 2018 సెప్టెంబరు 24న మూసారాంబాగ్ మీదుగా మెట్రో రైలు ప్రారంభం కావడం, 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలు కావడం వలన పెంచిన చార్జీని ప్రయాణికుల నుండి రాబట్టుకొనుట మరింత కష్టమైనది.

ఇతర రంగాలతో పోలిక

ఏకైక సరఫరాదారు పద్ధతి మోటారు పందేలలో కూడా కలదు. అమెరికాలోని డ్రాగ్ పందేలలో పై తరగతి వాహనాలు నైట్రోమీథేన్ అను ఖరీదైన ఇంధనాన్ని వాడతాయి. నిర్వాహకులు ఆమోదించిన ఇంధనాన్నే వాడాలన్న నియమం ఉన్నచోట ధర పెరిగినా పోటీదారు వేరొక చోట కొనలేడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో జరిగిన ఫార్ములా-ఇ పందెంలో కూడా అన్ని జట్లూ ఒకే సంస్థ చేసిన బ్యాటరీని, ఒకే సంస్థ టైర్లను వాడాయి. అయితే పందెంలో ఆ నియమం అందరికీ సమానం, ఖర్చు భరించలేనివారు తప్పుకొనవచ్చు. బతుకు కోసం ఆటో నడిపేవారికి ఆ వీలు లేదు.

ప్రత్యామ్నాయాలు

విద్యుత్ ఆటోలు, ఎల్.పి.జీ. ఆటోలు ప్రత్యామ్నాయాలు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్తు, సీ.ఎన్.జీ., ఎల్.పి.జీ. ఆటోలకు హైదరాబాదులో కొత్త పర్మిట్లను అనుమతించినది. విద్యుత్ ఆటోకు కొనుగోలు ధర, చార్జింగు సౌకర్యం ముఖ్యమైన అవరోధాలు. విద్యుత్తును కూడా నగరంలో పంపిణీ చేసేది ఒకే సంస్థ. కాని విద్యుత్ చార్జీలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి నిర్ణయిస్తుంది. సీ.ఎన్.జీ. ధర విషయంలో అటువంటి విచారణ లేకపోవడమే ఈ రెండింటికీ గల ప్రధాన భేదం.