పేషెంట్ తాలూకు ఎవరు?

ఐసీయూ తలుపు జానెడు తెరుచుకుంటుంది. నర్సమ్మ తల బయటపెట్టి, "మూడో బెడ్ పేషెంట్ తాలూకు ఎవరు?" అని కేకేస్తుంది. వరండాలో దుప్పటి పరుచుకుని కునికిపాట్లు పడుతున్న మనిషి చెప్పులైనా తొడుక్కోకుండా లేచి పోతాడు. చేతిలో ఒక చీటీ పడుతుంది. ఇంజక్షన్లు, సెలైన్లు, డయపర్లు. కొన్నిసార్లు ల్యాబుకు పట్టుకుపొమ్మని ఒక రక్తం శాంపిల్. తలుపు మూసుకుంటుంది. అతను మెట్లు దిగి పరుగెత్తి, తెచ్చి ఇచ్చి, మళ్లీ ఆ దుప్పటి మీదికే వస్తాడు.

ప్రొద్దుటూరులో చేరినా, జమ్మలమడుగు, పులివెందులల నుంచి కడపకు, కర్నూలుకు, తిరుపతికి, బెంగళూరుకు, వేలూరుకు తీసుకుపోయినా మనవాళ్లు చూసే దృశ్యం ఇదే. ఇంత తిరుగుడు చూసినవాళ్లు రోగి సంరక్షణలో కుటుంబం పాలు మన దగ్గర చాలా ఎక్కువని అనుకుంటారు. ఆ పాలు ఎంతో కొలిచి చూస్తే వేరే లెక్క తేలుతుంది.

రోజుకు 1,440 నిమిషాలు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, అదీ ఒక్కరినే లోపలికి పంపే ఐసీయూలో రోగి పక్కన కుటుంబం ఉండేది 30 నిమిషాలు. అంటే వందలో రెండు పాళ్లు. మిగతా తొంభై ఎనిమిది పాళ్లు గోడకు ఇవతలే. మందులు తేవడం, డబ్బు కట్టడం, రక్తం ఇచ్చేవాళ్ల కోసం ఊరందరికీ ఫోన్లు చేయడం, ఇవన్నీ ఆసుపత్రికి చేసే పనులు. రోగికి చేసే పని వేరే. ఈ తేడా తెలియనంతకాలం మనం ఏం కొలిచినా తప్పే కొలుస్తాం.

ఈ తేడా నాకు మా నాయన దగ్గర తెలిసింది. జమ్మలమడుగు దగ్గర పల్లెటూరి మనిషి. ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. పాస్ ఒక్కటే, అది మా అన్న చేతిలో. పిలిస్తే పలకడం లేదని, స్పందన తక్కువగా ఉందని మూడు రోజులుగా చెబుతున్నారు. నాలుగో రోజు పాస్ మా అమ్మకు ఇచ్చి పంపాం. మంచం కుడిపక్క నిలబడి పేరు పెట్టి పిలుస్తున్న నర్సును చూసి అమ్మ ఒకే మాట అనింది. "ఆ పక్క చెవుడమ్మా, ఎడమ చెవిలో పిలువు." పిలిచారు. కళ్లు తెరిచినాడు. నలభై ఏళ్ల కాపురంలో అమ్మకు తెలిసిన ఆ సంగతి కేస్ షీటులో లేదు, అడిగినవాళ్లూ లేరు. అది రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

గడులు కనిపెట్టే ప్రయత్నం మొదలై దాదాపు యాభై ఏళ్లు అవుతోంది. 1979లో అమెరికాలో నాన్సీ మోల్టర్ అనే నర్సు, ప్రాణాపాయంలో ఉన్న రోగుల బంధువులు 40 మందిని కూర్చోబెట్టి, 45 అవసరాల జాబితా చదివి ఏది ఎంత ముఖ్యమో అడిగింది. అన్నిటికంటే పైన నిలిచింది ఆశ. మా మనిషి బతుకుతాడన్న ఆశ ఉండాలి అన్నారు వాళ్లు. తర్వాత జేన్ లెస్కీ ఆ 45 అవసరాలను భరోసా, సమాచారం, దగ్గరగా ఉండటం, సౌకర్యం, ఆసరా అని ఐదు మూటలుగా కట్టింది. ఆ తర్వాత కెనడాలో కుటుంబ సంతృప్తిని కొలిచే ప్రశ్నపత్రం తయారైంది. ఇప్పుడు ఎక్కువ దేశాల్లో వాడుతున్న రూపంలో 24 ప్రశ్నలుంటాయి. 14 సంరక్షణ గురించి, 10 నిర్ణయాల గురించి. మార్కులు సున్నా నుంచి వంద.

సంతృప్తి మార్కుల మీద నాకు నమ్మకం తక్కువ, మన దగ్గర మరీ తక్కువ. పెద్దాసుపత్రి నుంచి మనిషి ప్రాణాలతో బయటపడితే మనవాళ్లు చేతులెత్తి దండం పెడతారు. "దేవుళ్లయ్యా, బాగా చూసుకున్నారు" అంటారు. అది మనసులోంచి వచ్చే మాటే, కానీ అది కృతజ్ఞత. అది కొలత కాదు. నూటికి తొంభై మార్కులు వేసిన కుటుంబాన్నే, ఏ జబ్బుకు వైద్యం చేశారమ్మా అని అడిగి చూడండి. 2000 సంవత్సరంలో ఫ్రాన్సులో ఎలీ అజూలే బృందం ఆ పనే చేసింది. డాక్టరు మాట్లాడి వెళ్లాక బంధువులను పిలిచి ఏం అర్థమైందో చెప్పమన్నారు. జబ్బేమిటో, బతికే అవకాశం ఎంతో, ఏ వైద్యం జరుగుతోందో, వీటిలో ఏదో ఒకటి అర్థం కానివాళ్లు 54 శాతం. డాక్టరుతో మొదటి మాటలు సగటున 10 నిమిషాలు. చదువులు, ఆసుపత్రులు అంత బాగున్న దేశంలోనే సగం మందికి పైగా అర్థం కాకపోతే, మన వరండాల్లో ఎట్లుంటుందో ఊహించడం కష్టం కాదు. "ఏమన్నాడబ్బీ డాక్టరు?" "ఇప్పుడే ఏం చెప్పలేమన్నాడు." మా ఇంట్లో తొమ్మిది రోజులు నడిచిన సంభాషణ అంతే.

కాబట్టి కొలవాల్సినవాటిలో మొదటిది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఎవరు మాట్లాడారు అన్నది రెండోది. అమెరికాలో 51 కుటుంబ సమావేశాలను రికార్డు చేసి 2004లో లెక్క తీశారు. సగటున 32 నిమిషాల సమావేశం. అందులో బంధువులు మాట్లాడింది 29 శాతం, అంటే దాదాపు 9 నిమిషాలు. వాళ్ల వాటా పెరిగినచోట సంతృప్తీ పెరిగింది. ఫ్రాన్సులో 22 ఐసీయూలలో ఇంకో అడుగు ముందుకు వేశారు. చివరి ఘడియల్లో ఉన్న 126 మంది రోగుల కుటుంబాలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఎప్పటి మాదిరే, సుమారు 20 నిమిషాల సమావేశం, అందులో కుటుంబం మాట్లాడింది 5 నిమిషాలు. ఇంకో భాగంతో డాక్టర్లు వినడం మీద మనసు పెట్టి మాట్లాడారు, చేతికి ఒక చిన్న కరపత్రం కూడా ఇచ్చారు. 30 నిమిషాల్లో కుటుంబం 14 నిమిషాలు మాట్లాడింది. మూడు నెలల తర్వాత చూస్తే తీవ్రమైన మానసిక గాయం లక్షణాలు మొదటి భాగంలో 69 శాతం మందిలో, రెండో భాగంలో 45 శాతం మందిలో. రెండు సమావేశాలకూ తేడా పది నిమిషాలు. మందు ఏదైనా ఈ మేరకు పని చేస్తే కంపెనీలు ఊరూరా హోర్డింగులు పెట్టేవి.

తలుపు తెరిస్తే ఇన్‌ఫెక్షన్లు వస్తాయన్నది ఎప్పుడూ వినే మాట. 2017, 2018 మధ్య బ్రెజిల్‌లో 36 ఐసీయూలు, 1,685 మంది రోగులతో దీన్నే పరీక్షించారు. కొన్నాళ్లు పాత పద్ధతి, కొన్నాళ్లు రోజుకు 12 గంటల దాకా బంధువులు ఉండొచ్చన్న కొత్త పద్ధతి. పన్నెండు గంటలు ఇచ్చినా మనుషులు సాధారణంగా ఉన్నది 4.8 గంటలే, పాత పద్ధతిలో 1.4 గంటలు. ఐసీయూలో అంటిన ఇన్‌ఫెక్షన్లు కొత్త పద్ధతిలో 3.7 శాతం, పాత పద్ధతిలో 4.5 శాతం. పెరగలేదు. సిబ్బంది అలసటా పెరగలేదు. బంధువుల్లో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. అయితే ముఖ్యంగా తగ్గుతుందనుకున్నది రోగుల మతిభ్రమణం. అది కొత్త పద్ధతిలో 18.9 శాతం, పాత పద్ధతిలో 20.1 శాతం దగ్గరే ఆగింది. పెద్దగా తేడా లేదు. కుటుంబం పక్కనుంటే అన్నీ నయమవుతాయని ఎవరైనా చెబితే ఈ అంకె గుర్తు చేసుకోవాలి.

ఇంకో అంకె కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఫ్రాన్సులో అడిగితే, ఒళ్లు తుడవడం, తినిపించడం లాంటి పనులు కుటుంబానికి ఇవ్వాలన్న సిబ్బంది 88 శాతం. మేం చేస్తామన్న బంధువులు 33 శాతమే. గొట్టాల మధ్య ఉన్న మనిషిని ముట్టుకోవడానికి భయపడేవాళ్లుంటారు. వాళ్లకు కొలతలో తక్కువ మార్కు పడకూడదు. ముఖ్యంగా మన దగ్గర, నర్సులు చాలని చోట, పాల్గొనడం పేరుతో నర్సు పని కోడలి నెత్తిన పడే ప్రమాదం ఉంది. అడిగారా, నేర్పారా, ఇష్టపడ్డారా అన్న మూడు ప్రశ్నలూ పడ్డాకే చేశారా అన్నది లెక్కలోకి రావాలి.

గంటలు ప్రాణాన్ని నిలబెడతాయని కచ్చితంగా తేలిన చోటు పసిబిడ్డల ఐసీయూ. ఆ సాక్ష్యం మన దేశంలోనూ పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లో ఐదు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనంలో మనదేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఉంది. తక్కువ బరువుతో పుట్టిన 3,211 మంది బిడ్డలు. సగం మందిని మామూలుగా, పరిస్థితి కుదుటపడ్డాకే తల్లి ఎదకు ఇచ్చారు. మిగతా సగాన్ని పుట్టిన వెంటనే ఇచ్చారు. అందుకోసం ఐసీయూలోనే బిడ్డ పక్కన తల్లికి మంచం వేశారు. ఐసీయూలో ఉన్నన్నాళ్లు మామూలు పద్ధతిలో బిడ్డ రోజుకు 1.5 గంటలు ఒంటికి ఒళ్లు ఆనించి ఉంటే, కొత్త పద్ధతిలో 16.9 గంటలు. రోజులో 70 పాళ్లు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి పడిపోయాయి. మేలు అంత స్పష్టంగా కనబడటంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. తల్లి లేవలేని పరిస్థితిలో ఇంటి మనుషుల్లో ఇంకొకరు బిడ్డను ఎదకు ఆనించుకున్నారు.

అంతకు ముందే 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ, నవజాత శిశు యూనిట్లలోకి తల్లిదండ్రులను తీసుకుని చేతులు కడుక్కోవడం నుంచి బిడ్డకు పాలు పట్టడం దాకా నేర్పాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి అనుభవం దానికి పునాది. అక్కడా ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. ఇంటికి పోయేనాటికి తల్లిపాలే తాగే బిడ్డలు మాత్రం పెరిగారు. మన జేజిలకు ఇందులో కొత్తేమీ లేదు. బాలింతను, బిడ్డను ఒకే మంచం మీద పడుకోబెట్టి, చల్లగాలి తగలకుండా కాపు కాసిన ఇళ్లే మనవి.

పెద్దల ఐసీయూకు వచ్చేసరికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మన ఈ మూడు ఊళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పులివెందుల నుంచి కడప సుమారు 70 కిలోమీటర్లు. జమ్మలమడుగు నుంచి తిరుపతి 200 దాటుతుంది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, జమ్మలమడుగులో లండన్ మిషన్ కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది, అయినా కేసు ముదిరితే బండి ఎక్కక తప్పదు. అక్కడికి ఒకరు పోతారు. ఇంకొకరు ఇంటి దగ్గర గొడ్లను, పిల్లలను చూసుకుంటారు. మూడోవాళ్లు డబ్బు కోసం తిరుగుతారు. కొడుకు కువైట్‌లో ఉంటే వాట్సాప్‌లో ఉంటాడు. లోపలికి పోయేది ఒకరు, డాక్టరు మాట వినేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు, నిర్ణయించేది ఇంకెవరో. కెనడాలో తయారైన కాగితం 'కుటుంబ సభ్యుడు' అని ఒక్కరిని అడుగుతుంది. మన దగ్గర ఏ ఒక్కరి జవాబూ కుటుంబం జవాబు కాదు. పైగా సాయంత్రం ఐదు గంటల పావుగంట కోసం పులివెందుల నుంచి వచ్చిన మనిషి, బస్సు ఆలస్యమైతే ఆ రోజంతా పోగొట్టుకున్నట్టే.

నిర్ణయం సంగతి చిన్నది కాదు. 2024 జనవరిలో కేంద్రం 24 మంది నిపుణులతో తయారు చేయించిన మార్గదర్శకాల ప్రకారం, రోగి గానీ దగ్గరి బంధువులు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చకూడదు. వద్దనాలన్నా, సరేననాలన్నా ముందు అర్థం కావాలి. కన్సెంట్ ఫారం మీద వేలిముద్రలు లెక్కపెట్టడం సులువు. అందులో ఏముందో తిరిగి చెప్పగలిగినవాళ్లను లెక్కపెట్టిన ఆసుపత్రి నాకైతే కనబడలేదు.

ఇవన్నీ కొలవడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద నమోదైన ఆసుపత్రుల్లో కార్డులు చూడటానికి ఒక మనిషి కూర్చుని ఉంటారు. ప్రతి ఐసీయూ రోగికీ ఒక కాగితం ఆ టేబుల్ మీద ఉంచండి. ఇవాళ ఎన్ని నిమిషాలు లోపలున్నారు, డాక్టరు ఎంతసేపు మాట్లాడారు, మీరెంతసేపు మాట్లాడారు, జబ్బేమిటో మీ మాటల్లో చెప్పండి, మీ మనిషి గురించి మాకు తెలియాల్సింది ఏముంది. ఐదు ప్రశ్నలు, తెలుగులో, రోజూ. నెలాఖరున సగటు తీసి గోడకు అంటించాలి. మొదటి నెల అంకెలు చిన్నగా ఉంటాయి. ఉండనివ్వండి.

ఆసుపత్రులు ఈ పని మొదలుపెట్టేదాకా ఇది చదివినవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంటి నుంచి ఎవరినైనా ఐసీయూకు తీసుకుపోతే ఆధార్, రేషన్ కార్డులతో పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరు, ఏ టైముకు లోపలికి పోయారు, ఎన్ని నిమిషాలున్నారు, డాక్టరు ఏమన్నారు, రోజూ రాయండి. మొదటి పేజీలో మాత్రం మీ మనిషి సంగతులు రాసి నర్సమ్మకు చూపించండి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ మందు పడదు, ఏ చెవి వినబడుతుంది.