మసి కాల్చుకుని మళ్లీ పనిలోకి దిగే పొడి

"ఉత్ప్రేరకం చర్య అయిపోయాక కూడా మార్పు లేకుండా మిగులుతుందని పుస్తకంలో ఉంది కదా సార్, మరి ఫ్యాక్టరీల్లో దాన్ని ఎందుకు మారుస్తుంటారు?" ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ఇంత మంచి ప్రశ్న కెమిస్ట్రీ క్లాసులో తరచుగా రాదు. పుస్తకం రాసింది తప్పు కాదు. కానీ ఉత్ప్రేరకం ఖర్చు కాకపోయినా మూసుకుపోతుందన్న సంగతి ఆ వాక్యంలో లేదు. పని జరిగే ఉపరితలం మీద ఏదో ఒకటి పేరుకుంటుంది. దాన్ని వదిలించే దారి దొరికాకే మనం ఇప్పుడు వాడే పెట్రోలు చవగ్గా తయారవడం మొదలైంది.

ముడి చమురును స్వేదనం చేస్తే దానంతట అది దిగే పెట్రోలు కొంతే. అడుగున బరువైన నూనెలు బోలెడు మిగిలిపోతాయి. వాటిలో ఇరవై, ముప్ఫై కార్బన్ల పొడుగు గొలుసులుంటాయి. వాటిని విరగ్గొడితే ఏడెనిమిది కార్బన్ల పెట్రోలు అణువులొస్తాయి. అమెరికాలో విలియం బర్టన్ 1913 నాటికే ఈ పనిని వేడితో, పీడనంతో చేసి చూపించాడు. అయితే వేడి ఒక్కదానికి విచక్షణ ఉండదు. గొలుసు ఎక్కడ పడితే అక్కడ తెగి, పనికొచ్చేదాంతో పాటు పనికిరాని గ్యాసూ, మడ్డీ చాలా పుట్టుకొస్తాయి.

ఫ్రాన్సుకు చెందిన యూజీన్ హూడ్రీకి కార్ల పందేలంటే పిచ్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి గాయపడ్డాడు. తండ్రిది ఉక్కు వ్యాపారం. అది చూసుకుంటూ హాయిగా బతకగలిగినవాడు మంచి ఇంధనం కోసం ప్రయోగశాలలో కూర్చున్నాడు. ఎన్నో పదార్థాలు పరీక్షించాక సిలికా, అల్యూమినా కలిసిన మట్టి దగ్గర ఆగాడు. సిలికా అల్లికలో ఒకచోట సిలికాన్ బదులు అల్యూమినియం కూర్చుంటే అక్కడ ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిపెట్టడానికి ఒక ప్రోటాను వచ్చి చేరుతుంది. అంటే ఆ మట్టి గట్టి ఆమ్లంలా పనిచేస్తుంది. బరువైన నూనె ఆవిరి అక్కడికి రాగానే అణువు ధనావేశం పొంది, తనలో తాను కొమ్మలుగా సర్దుకుని, మధ్యలో తెగుతుంది. ఆ కొమ్మలున్న అణువులే ఇంజన్లో టకటకమని కొట్టకుండా మండుతాయి.

చిక్కల్లా మసితోనే. పది నిమిషాల్లో మట్టి మీద నల్లటి కార్బను పొర కట్టి పని మందగిస్తుంది. చాలామంది అక్కడే వదిలేశారు. ఆ మసిని గాలితో కాల్చేస్తే మట్టి మళ్లీ కొత్తదవుతుందని హూడ్రీ పట్టుకున్నాడు. అతని గొప్పతనం ఉత్ప్రేరకాన్ని కనిపెట్టడంలో కన్నా దాన్ని బతికించడంలోనే ఎక్కువుందని నాకనిపిస్తుంది. 1930లో అమెరికా వెళ్లి, కంపెనీలను ఒప్పించి, 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ కంపెనీతో పెద్ద ప్లాంటు నిలబెట్టాడు. అక్కడ ఒక పాత్రలో నూనె విరుగుతుంటే ఇంకోదాన్ని ఊది శుభ్రం చేసేవారు, మరోదాంట్లో మసిని కాల్చేవారు. కొద్ది నిమిషాలకొకసారి కవాటాలన్నీ వాటంతట అవే తెరుచుకుని, మూసుకుని పాత్రల పనులు మార్చేవి. మసి మండిన వేడిని కరిగిన ఉప్పు గొట్టాల్లో తిరుగుతూ తీసుకెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి మిత్రపక్షాల విమానాలకు కావలసిన మేలురకం పెట్రోలు ఈ ప్లాంట్లు అందించాయి.

స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీకి హూడ్రీ వర్గం అడిగిన లైసెన్సు ధర నచ్చలేదు. పేటెంటు దాటి వెళ్లే దారి వెతకడానికి 1938లో షెల్, టెక్సకో, కెలాగ్ లాంటి కంపెనీలతో జట్టు కట్టింది. హూడ్రీ పద్ధతిలో ఉత్ప్రేరకం ఒకచోట కూర్చునుంటే నూనె, గాలి వంతులవారీగా దాని దగ్గరకొస్తాయి. దీన్ని తలకిందులు చేయాలని వీళ్ల ఆలోచన. నూనె ఒకచోట, గాలి ఒకచోట, ఉత్ప్రేరకమే రెండింటి మధ్యా తిరగాలి. అప్పుడు కవాటాల గోల ఉండదు, పని ఆగదు. కానీ టన్నులకొద్దీ వేడి పొడిని గంటలతరబడి ఎలా తిప్పడం? స్క్రూ పంపులతో నెట్టి చూశారు, ఫలితం లేదు. ఎంఐటీ ఆచార్యులు వారెన్ లూయిస్, ఎడ్విన్ గిలిలాండ్ చూపిన దారి వేరు. పొడిని నెట్టవద్దు, దాన్ని ద్రవంలా ప్రవర్తించేట్టు చేయండన్నారు.

ఇది కళ్లతో చూడాల్సిందే. నేను ఒక గాజు గొట్టం అడుగున మందపాటి గుడ్డ బిగించి, సన్నగా జల్లించిన ఇసుక పోసి, చేపల తొట్టికి వాడే పంపుతో కింది నుంచి గాలి పంపాను. మొదట ఏమీ జరగదు. గాలి పెంచుతూ పోతే ఒక దగ్గర ఇసుక రేణువుల బరువూ, గాలి తోపూ సమానమవుతాయి. అంతే, ఇసుక మట్టం కొంచెం లేచి, పాలు పొంగినట్టు పైన బుడగలొస్తాయి. గొట్టాన్ని వంచితే ఇసుక పైమట్టం నీళ్లలా సమంగా ఉంటుంది. అడుగున పాతిపెట్టిన పింగ్‌పాంగ్ బంతి పైకి తేలుతుంది. పైన పెట్టిన ఇనుప నట్టు మునిగిపోతుంది. గాలి ఆపగానే మళ్లీ మామూలు ఇసుక. పొడికి లోతును బట్టి పీడనం కూడా వస్తుంది. గొట్టంలో నిలబడ్డ పొడి, నీళ్ల ట్యాంకులాగే, కిందికి నొక్కుతుంది.

రిఫైనరీలో అంతా ఈ పీడనం మీదే నడుస్తుంది. శుభ్రమైన వేడి పొడి నిటారు గొట్టంలో చిక్కగా కిందికి దిగుతుంది. కింద వేడి నూనెను తుంపరగా దాని మీద చల్లుతారు. నూనె ఆ క్షణమే ఆవిరై ఎన్నోరెట్లు ఉబ్బి, పొడిని పైకి ఎత్తుకుపోతుంది. ఇటు చిక్కటి పొడి బరువు, అటు ఆవిరి కలిసిన పల్చటి పొడి తేలిక. ఆ తేడాతోనే నిమిషానికి పదుల టన్నుల పొడి పంపు లేకుండా తిరుగుతుంది. పైన సైక్లోన్లనే పరికరాలు ఆవిరిని, పొడిని వేరుచేస్తాయి. మసిపట్టిన పొడి రీజనరేటర్లోకి జారుతుంది. అక్కడ గాలి తగిలి మసి మండి, పొడి సుమారు 700 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఆ వేడినే మోసుకుంటూ మళ్లీ నూనె దగ్గరకెళ్తుంది. నూనె విరగడానికి వేడి కావాలి, మసి మండితే వేడి వస్తుంది. అంటే చెత్తే ఇంధనం. బయటి కొలిమి ఆ పనికి అక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. ఏదో కారణంగా మసి ఎక్కువ పడిందనుకోండి. రీజనరేటర్ వేడెక్కుతుంది. పొడి మరింత వేడిగా వస్తుంది కనుక, నూనె దగ్గర ఉష్ణోగ్రత నిలపడానికి తక్కువ పొడి చాలు. పొడి తగ్గితే మసీ తగ్గుతుంది. పెద్ద ఒడుదొడుకులు లేకుండా యంత్రం తనంతట తాను సర్దుకుంటుంది.

ఇలాంటి మొదటి యూనిట్ లూసియానాలోని బేటన్ రూజ్‌లో 1942 మే 25న మొదలైంది. పోటీగా హూడ్రీ పక్షం ఉత్ప్రేరకాన్ని గుళికలుగా చేసి, గొలుసు బకెట్లతో పైకెత్తే ప్లాంట్లు కట్టింది. అవీ కొన్నేళ్లు నడిచాయి. కానీ ద్రవంలా పారే పొడి ముందు బకెట్లు నిలవలేదు. 1960ల్లో మొబిల్ శాస్త్రజ్ఞులు చార్లెస్ ప్లాంక్, ఎడ్వర్డ్ రోజిన్‌స్కీ మట్టి బదులు జియోలైట్ తెచ్చారు. దాని చురుకుకు నూనె రెండు మూడు సెకన్లు పొడిని తాకితే చాలు. పెద్ద పాత్ర అవసరం పోయి, పొడి పైకి లేచే గొట్టమే రియాక్టరైంది. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన విశాఖ రిఫైనరీలోనూ ఈ ఎఫ్‌సీసీ (ఫ్లూయిడ్ కేటలిటిక్ క్రాకింగ్) యూనిట్లున్నాయి. ఇవి పెట్రోలే కాదు, వంటగ్యాసు కూడా ఇస్తాయి.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కార్బను మండుతుంది కాబట్టి మసి వదిలిపోతుంది. కానీ ముడి చమురులోని నికెల్, వనేడియం మండవు. పొడి మీదే ఉండిపోయి దాన్ని చెడగొడతాయి. అందుకే రిఫైనరీల్లో కొంత పాత పొడి తీసేసి కొత్తది కలుపుతూ ఉంటారు.

హూడ్రీకి చివరి రోజుల్లో ఎదురైందీ అలాంటి లోహమే. కార్ల పొగ జనం ఊపిరితిత్తులను పాడుచేస్తోందని అతనికి బెంగ పట్టుకుంది. పొగ గొట్టంలో పెట్టే ఉత్ప్రేరక కన్వర్టర్‌ను తయారుచేసి 1956లో పేటెంటు పొందాడు. కానీ అప్పటి పెట్రోల్లో ఇంజన్ టకటకమని కొట్టకుండా సీసం కలిపేవారు. సీసం ఉత్ప్రేరకం మీద పేరుకుంటే కాల్చి వదిలించలేం. ఆ కన్వర్టర్ కార్లలోకి వెళ్లడం చూడకుండానే అతను 1962లో చనిపోయాడు. అమెరికా కార్లకు కన్వర్టర్లు 1975 మోడళ్లతో వచ్చాయి. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ వచ్చింది.